గోడ అవతలి టీవీ

ధర్మవరంలో ఉలిగప్పకు ముక్కు మీద కోపమని అందరూ అంటారు. అది తప్పు. ముక్కు మీద ఉండేవి కళ్ళద్దాలు. కోపం ఒళ్ళంతా ఉంటుంది. పొద్దున పాలు పోసేవాడితో మొదలుపెడితే, సాయంత్రం వీధి కుళాయి దగ్గర నీళ్ళు వృథా చేసేవాళ్ళదాకా ఎవరి వాటా వాళ్ళకు ముట్టజెప్పి గాని మంచమెక్కడు. ఎదురుపడ్డవాళ్ళు వంగి నమస్కారం పెట్టినా, "ఏమప్పా, ఈ పొద్దు నడుము వంగిందే, ఏం పని పడిందో?" అంటాడు. అయినా ఊళ్ళో సావుకార్లు అతన్ని వదులుకోలేదు. ఎందుకంటే ఉలిగప్ప నోట్లో ఎన్ని తప్పులైనా ఉండనీ, గ్రాఫులో తప్పుండదు.

పట్టుచీర మీద వాలే ప్రతి నెమలీ ముందు గళ్ళ కాగితం మీద పుడుతుంది. ఒక్కో గడి ఒక్కో పోగు. ఆ గ్రాఫు చూసి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గం నెత్తిన జాకార్డులో తిరుగుతుంటే కింద పోగులు లేస్తాయి, పడతాయి. కాగితం మీద ఒక్క గడి తప్పితే చీర మీద నెమలికి కన్ను పోతుంది. ఉలిగప్ప ముప్పై రెండేళ్ళుగా గ్రాఫులు వేస్తున్నాడు. ఒక్క నెమలికీ కన్ను పోలేదు.

ఆ పనికి ఒక కట్టుబాటుంది. కొత్త గ్రాఫును తువ్వాలలో చుట్టి, చంకలో పెట్టుకుని, అడిగిన సావుకారు అంగడికే నేరుగా పోవాలి. దారిలో ఎవరు పిలిచినా తువ్వాల విప్పకూడదు. సావుకారు చూసి "ఉంచుకుంటా" అన్నాడంటే ఆ ఏడాదంతా ఆ డిజైను ఆయనదే. ఒకరికి ఇచ్చినది ఇంకొకరికి చూపించినవాడికి మరే అంగడిలోనూ కూర్చోమని చాప వేయరు. ఉలిగప్ప ఆస్తి అంతా ఈ రెండు మాటలే: గ్రాఫులో తప్పుండదు, డిజైను రెండో కంట పడదు. వాటిని చూసుకునే అతను అందరినీ తిట్టగలుగుతున్నాడు.

ఇక బసవరాజు సంగతి. ఈ పేరు ఉలిగప్ప ముందు ఎత్తకూడదు, కానీ ఎత్తకుండా కథ నడవదు. మడకశిర వైపు నుంచి పదహారేళ్ళ కింద చేతిసంచితో వచ్చి, "పని నేర్పించు గురువా" అని కాళ్ళ మీద పడ్డవాడు. నాలుగేళ్ళు ఉలిగప్ప ఇంట్లో చాప మీద కూర్చుని గ్రాఫు నేర్చాడు. ఉలిగప్ప భార్య సుశీలమ్మ చేతి సంగటి తిన్నాడు. ఏకులా వచ్చి మేకై కూర్చున్నాడు. తరువాత సొంతంగా పట్టుచీరల అంగడి తెరిచి, తెరిచిన రోజు పదిమందిలో "గురువు కాలం అయిపోయింది. ఆయనకు కండ్లు పోతాండాయి, మనకు దుడ్లు వస్తాండాయి" అని పెద్దగా నవ్వాడు. ఉలిగప్ప తాంబూలం తీసుకోకుండా లేచి వచ్చేశాడు. ఆ తరువాత పదకొండేళ్ళలో ఇద్దరి మధ్య తిట్లు తప్ప మాటలు లేవు.

బసవరాజు అన్నదాంట్లో ఒక్క ముక్క నిజం కావడం ఉలిగప్పను మరీ మండించింది. కళ్ళు నిజంగానే పోతున్నాయి. రెండు కళ్ళకూ శుక్లాలు. వీధి దీపం రెండుగా, చంద్రుడు రెండుగా, గ్రాఫు మీద గళ్ళు అలుక్కుపోయి కనిపిస్తున్నాయి. ఆపరేషను చేయించుకోమంటే డాక్టరును కూడా తిట్టి వచ్చాడు. చివరికి కూతురు హరిత తన పాత ల్యాప్‌టాప్ తెచ్చి ఇంట్లో పెట్టింది. హరిత పెనుకొండ దగ్గర ఒక కంపెనీ ఆఫీసులో పని చేస్తుంది. నాయన కోపంలో సగం, సుశీలమ్మ ఓపికలో సగం తీసుకుని పుట్టింది.

"ఈ పెట్టెలో వేసినది నెమలి కాదే. నెమలి శవం" అన్నాడు ఉలిగప్ప.

"నాయనా, దాన్ని తిడితే వినదు. నొక్కితే వింటాది. నొక్కు" అంది హరిత.

నొక్కాడు. అయిదు నెలలు తిడుతూ నొక్కాడు, నొక్కుతూ తిట్టాడు. ఒక్కో గడిని రూపాయి బిళ్ళంత పెద్దది చేసి చూసుకోవచ్చని తెలిసినరోజు మాత్రం ఏమీ అనలేదు. లేచి పెరట్లోకి పోయి, ముఖం కడుక్కుని వచ్చాడు. పని మళ్ళీ తన చేతికొచ్చిందన్న సంతోషం అతనికి తిట్టులాగా బయటికి రాలేదు కాబట్టి ఎలా చెప్పాలో తెలియలేదు.

సావుకారు చంద్రమోహన్ అంగడీ బసవరాజు అంగడీ పక్కపక్కనే. మధ్యలో ఉన్నది ఒక్క ఇటుక గోడ, పదకొండేళ్ళ పగ. చంద్రమోహన్ మొన్న ఉగాదికి హిందూపురం పోయి ఒక కంపెనీ టీవీ తెచ్చాడు. మంచమంత ఉంటుంది. చీరలు కొనేవాళ్ళకు డిజైన్లు అందులో చూపించాలని ఆయన సరదా. వారం తిరక్కముందే బసవరాజు కూడా హిందూపురం పోయాడు. అదే అంగడి, అదే కంపెనీ, అదే సైజు. ఇంకొక అంగుళం పెద్దది ఇమ్మని గంటసేపు తగువులాడాడట, లేదన్నారట. తెచ్చి తన వైపు గోడకు తగిలించాడు. ఇటు ఒక టీవీ, అటు ఒక టీవీ, వీపులు ఆనించుకుని తగువు పడ్డ మొగుడూపెళ్ళాల్లాగా ఉండేవి.

శ్రావణం ముహూర్తాలకు చంద్రమోహన్ కొత్త డిజైను అడిగాడు. ఉలిగప్ప బస్సెక్కి బుక్కపట్నం పోయి, నిండిన చెరువు గట్టు మీద రెండు రోజులు కూర్చుని వచ్చాడు. అంచు పొడుగునా చేపల వరస, కొంగు నిండా నీటి అలలు. ముందు చేపలన్నీ ముఖాముఖిగా వేశాడు. చూస్తే పెళ్ళిచూపులకు కూర్చున్నట్టుగా ఉన్నాయి. ఛీ అని దాన్ని పక్కన పడేసి, అన్నీ ఒకే వైపు ఈదుతున్నట్టు మళ్ళీ వేశాడు. ఈసారి చేపలు నిజంగా కదిలాయి. ల్యాప్‌టాప్‌ను అలవాటు కొద్దీ తువ్వాలలో చుట్టి, చంకలో పెట్టుకుని బయలుదేరాడు.

"టీవీలో పెట్టన్నా, పెద్దగా చూస్తాం. వైరు కూడా అక్కర్లే అంట కదా" అన్నాడు చంద్రమోహన్.

ఎలా కలపాలో హరిత ముందే కాగితం మీద రాసి ఇచ్చింది. రెండు మీటలు కలిపి నొక్కితే పక్కన పట్టీ వస్తుంది, అందులో టీవీ పేరుంటుంది, దాన్ని నొక్కితే చాలు. ఉలిగప్ప నొక్కాడు. పట్టీ వచ్చింది. అందులో టీవీ పేరు ఒకదాని కింద ఒకటి రెండుసార్లు కనిపించింది. చంద్రుడే రెండుగా కనిపించే కంటికి టీవీ పేరు ఒక లెక్కా? ఇదీ శుక్లం చేసే పనే అనుకున్నాడు. పక్కనున్నవాణ్ణి ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడిగితే కళ్ళు పోయినట్టు ఒప్పుకున్నట్టే కదా! పై పేరు నొక్కాడు.

ల్యాప్‌టాప్ కాసేపు ఆలోచించి, కలిసింది అని చూపించింది. గోడ మీద టీవీ మాత్రం నల్లగా, మొండిగా ఉండిపోయింది.

"రాలేదు కదన్నా."

"వచ్చిందంటాది ఇది. నీ టీవీ చెడిపోయుండాది."

"మొన్న కొన్న టీవీ అన్నా!"

"మొన్న కొన్నది చెడిపోకూడదని యాడన్నా రాసుండాదా?"

ఒక డిజైను రాకపోతే ఇంకోటి వస్తుందేమోనని ఉలిగప్ప ఒక్కొక్కటే తెరిచాడు. అంచు తెరిచాడు, కొంగు తెరిచాడు, పారేసిన ముఖాముఖి చేపలు కూడా తెరిచాడు. పెద్దది చేశాడు, చిన్నది చేశాడు, ఈ చివర నుంచి ఆ చివరదాకా జరిపాడు. అరగంట ఇదే పని. చంద్రమోహన్ విసుగొచ్చి లేచి, ల్యాప్‌టాప్ ముందుకే వచ్చి తల వంచి చూశాడు. ఒకే వైపు ఈదే చేపల్ని చూడగానే "ఉంచుకుంటా అన్నా" అన్నాడు. ఉలిగప్ప టీవీని ఇంకొక తిట్టు తిట్టి, తువ్వాల చుట్టుకుని వెళ్ళిపోయాడు.

నెల తిరిగింది. చంద్రమోహన్ చీరలు ఇంకా మగ్గాల మీదే ఉన్నాయి. ఒక పొద్దున బసవరాజు అంగడి అద్దంలో చేపల అంచు చీర వేలాడింది.

ఉలిగప్పకు కబురొచ్చింది. పోయేసరికి చంద్రమోహన్ అంగడిలో కొనేవాళ్ళతో పాటు ఇంకో ఇద్దరు సావుకార్లు కూర్చుని ఉన్నారు. చాప వేయలేదు.

"ఏమప్పా ఉలిగప్పా" అన్నాడు చంద్రమోహన్. పక్కన ఉండే 'అన్నా' ఊడిపోయింది. "ఒకే పిల్లను రెండిండ్లకు ఇచ్చే పని ఎప్పటి నుంచి మొదలుపెట్టినావు?"

"నోరు జాగ్రత్త చంద్రమోహనా. నేనియ్యలా."

"నువ్వియ్యకుంటే చేపలకు కాళ్ళొచ్చి నడిచిపోయినాయా పక్కింటికి? నాకు చూపించింది నువ్వు. దాచుకుంది నువ్వు. నా అంగడి మెట్టెక్కొద్దు ఇంక."

ఉలిగప్ప చుట్టూ చూశాడు. పదిమంది తన ముఖం చూస్తున్నారు. వీళ్ళలో ఒక్కడికీ తన ముప్పై రెండేళ్ళు గుర్తు రాలేదా అనుకుంటూ వెనక్కి తిరిగాడు. బయటికి వస్తే పక్కంగడి మెట్ల మీద బసవరాజు పళ్ళు కుట్టుకుంటూ నిలబడి ఉన్నాడు.

"ఏం గురువా, చీర బాగుండాదా? చేపలు నిన్ను చూసి పలకరిస్తాండాయే!"

ఉలిగప్ప అద్దం దగ్గరికి పోయి, ముక్కు ఆనించి చూశాడు. చేపలు ముఖాముఖిగా ఉన్నాయి.

వారంలో ముగ్గురు సావుకార్లు ఇస్తామన్న పని ఇవ్వలేదు. ఒకరు ఇంట్లో పెళ్ళన్నారు, ఒకరు పట్టు ధర అన్నారు. అబద్ధం చెప్పడానికి కూడా సరిగా కష్టపడలేదు వెధవలు. ఉలిగప్ప రెండు రోజులు ఇంట్లో కూర్చుని ఊరినంతా వరసగా తిట్టాడు. మూడో రోజు తిట్లు అయిపోయాక ఆలోచన మొదలైంది. ముఖాముఖి చేపల్ని చంద్రమోహన్‌కు ఇవ్వలేదు. కాగితం మీద వేయలేదు. ల్యాప్‌టాప్ ఇల్లు దాటింది ఒక్కసారే. అవి తెరిచింది ఆ అరగంటలో మాత్రమే. హరితకు ఫోన్ చేశాడు.

"ఆ పొద్దు అది కలిసింది అన్నాదే. టీవీలో రాలా. కలిసుంటే యాడికి పోయినట్టు?"

"పట్టీలో ఎన్ని పేర్లుండె నాయనా?"

"ఒకటే. నాకు రెండుగా కనపడె. నా కండ్ల సంగతి తెలుసు కదా."

"నాయనా, కండ్లు సరిగ్గా లేకుంటే పట్టీలో అన్నీ రెండుగా కనపడాల. ఆ పేరు ఒకటే రెండుగా ఉండెనా?"

పట్టీలో మిగతా రాతంతా ఒక్కోటే ఉండెనని ఉలిగప్పకు అప్పుడు గుర్తొచ్చింది.

"పక్కంగడిలోనూ అదే టీవీ అంటివి కదా" అంది హరిత. "నువ్వు నొక్కింది వాండ్ల టీవీని. కానీ ఊరికే కలవదు నాయనా. ఈ ల్యాప్‌టాప్‌ను రానియ్యాలా వద్దా అని ఆడ టీవీ అడుగుతాది. ఎవరో రిమోట్ పట్టుకుని సరే అని నొక్కుండాల."

ఎవరో ఏమిటి? బసవరాజు సరే అని నొక్కాడు. నొక్కి, కుర్చీ లాక్కుని కూర్చుని, గురువు చెరువు గట్టు మీద రెండు రోజులు కూర్చుని తెచ్చిన చేపల్ని అరగంటసేపు తన టీవీలో తీరిగ్గా చూశాడు. గోడకు ఇటువైపు గురువు "నీ టీవీ చెడిపోయింది" అని తగువులాడుతుంటే ఆ మాటలు కూడా వినే ఉంటాడు. విని నవ్వే ఉంటాడు. దొంగతనం కంటే ఆ నవ్వు ఉలిగప్పను ఎక్కువ కాల్చింది.

"పోయి చంద్రమోహన్‌కు చూపించు. నీ మీద మాట పోతాది. అంతటితో వదిలెయ్ నాయనా" అంది హరిత.

"సరే" అన్నాడు. వదిలేసే మనిషైతే అతను ఉలిగప్ప ఎందుకవుతాడు?

వారం రోజులు తలుపేసుకుని కొత్త డిజైను వేశాడు. అంచు సాదాగా, కొంగు మాత్రం బంగారు చెరువులాగా, అలలు అలలుగా జరీ పరుచుకుని ఉంటుంది. చీరలో జరీ పోగు పైన అలా పరుగెత్తాలంటే దాన్ని మధ్యమధ్యలో కిందికి తీసి కట్టాలి. గ్రాఫులో అందుకోసం అక్కడక్కడ చుక్కలు పెడతారు. చుక్క ఉన్నచోట పోగు కిందికి దిగి, పట్టు దొరికించుకుని, మళ్ళీ పైకి వస్తుంది. చుక్కలు లేకపోతే జరీకి పట్టుండదు. ఉచ్చులు ఉచ్చులుగా వేలాడి, గాజుకు తగిలినా తెగుతుంది. అయితే బొమ్మలో చూసేవాడికి మాత్రం చుక్కలు లేని కొంగే ఎక్కువ అందంగా, నిండు బంగారంలాగా కనిపిస్తుంది. ఉలిగప్ప ఆ కొంగు నడిమధ్యలో చుక్కలన్నీ తీసేశాడు. అయిదారు వందలుంటాయి. కనపడని కళ్ళతో ఒక్కొక్కటే వెతికి, ఒక్కో చుక్కకూ బసవరాజును ఒక్కో తిట్టు తిట్టి మరీ తీశాడు. మొదటి చుక్క తీసేటప్పుడు వేలు కాసేపు ఆగింది. తరువాత ఆగలేదు.

చంద్రమోహన్ గడప దగ్గరే అడ్డం నిలబడ్డాడు. "మెట్టెక్కొద్దంటి కదప్పా."

"ఎక్కినా. తిట్టేకి రాలా. నేను లోపల కూర్చుని ల్యాప్‌టాప్ తెరుస్తా. నువ్వు వీధిలో నిలబడి పక్కంగడి అద్దంలోంచి వాని టీవీ చూడు. నాకు కావాల్సింది అంతే."

చంద్రమోహన్ గొణుక్కుంటూనే పోయాడు. ఉలిగప్ప రెండు పేర్లలో పై పేరు నొక్కాడు. కాసేపు ఆగింది. గోడ అవతల ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు. తరువాత కలిసింది.

రెండు నిమిషాల్లో చంద్రమోహన్ తిరిగొచ్చాడు. ముఖం కందగడ్డయింది. "వాడు… వాడు టీవీ ముందర నిలబడి ఫోన్లో ఫోటోలు తీస్తాండాడన్నా! ఇప్పుడే పోయి వాని గొంతు పట్టుకుంటా."

'అన్నా' మళ్ళీ వచ్చి చేరింది. ఉలిగప్ప దాన్ని గమనించాడు, క్షమించలేదు.

"పోవద్దు. తీసుకోనీ" అన్నాడు. "నీకియ్యాల్సింది వేరే ఉండాది. ఇది వానికే."

కొంగును బాగా పెద్దది చేసి, ఫోటోకు వీలుగా ఒక్కో ముక్క దగ్గర నిలబెడుతూ మెల్లగా జరిపాడు. పెళ్ళివాళ్ళకు కొసరి కొసరి వడ్డించినట్టు వడ్డించాడు. చంద్రమోహన్‌కు చుక్కలు తీసేసిన సంగతి తెలియకపోయినా ఏదో ఉందని మాత్రం అర్థమైంది. నవ్వి, టీ తెప్పించాడు. ఉలిగప్ప తప్పేమీ లేదని సావుకార్లందరికీ తానే చెబుతానన్నాడు, చెప్పాడు కూడా. ఆపేసిన పనులు వారంలో వాటంతట అవే తిరిగొచ్చాయి.

ఆ నెలంతా ఉలిగప్ప పాలు పోసేవాణ్ణి కూడా తిట్టలేదు. వాడు భయపడి, ఒంట్లో బాగుందా అని సుశీలమ్మను అడిగాడు. బసవరాజు అంగడి అద్దంలో ఉచ్చులు వేలాడే కొంగు, దాన్ని చూసి నవ్వే జనం, వాడి వాడిపోయిన ముఖం, ఇదే ఉలిగప్ప కళ్ళముందు ఆడుతుండేది. ఆ రెండు టీవీల్లోనూ రానంత స్పష్టంగా కనిపించేది.

ఒక మధ్యాహ్నం చెన్నేకొత్తపల్లి నుంచి మునియమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. ఇంటి ముందరి గదిలో మగ్గం, దాని ముందు గుంటలో ఆమె జీవితం. ఏ సావుకారు వార్పు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు, ఇస్తే వాళ్ళ చీర నేస్తుంది. ఉలిగప్ప గ్రాఫులు ఇరవై ఏళ్ళుగా ఆమె చేతిమీదుగా పోయాయి. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చినట్టుంది, గడపలోనే కూలబడి సంచిలోంచి ఒక చీర తీసింది.

"అన్నా, నా చేతికేమైనా అయ్యిందేమో చూడు."

కొంగు పరిచింది. జరీ ఉచ్చులు ఉచ్చులుగా లేచి, ఆమె గాజులకే చిక్కుకుంది. ఉలిగప్ప చూశాడు, చూపు తిప్పుకున్నాడు.

"పన్నెండు దినాలు నేసినా. చీర ఒళ్ళంతా బాగొచ్చింది. కొంగుకొచ్చినంక ఇట్లయింది. నేనే యాడో తొక్కుడు తప్పినాననుకుని ఊడదీసినా. మళ్ళీ నేసినా, మళ్ళీ ఇట్లే. మూడుసార్లు ఊడదీసినా అన్నా. మగ్గం విప్పదీసి మళ్ళీ కట్టినా. వేళ్ళు చూడు." వేళ్ళ కొసలు జరీ కోసుకుని పగిలి ఉన్నాయి. "బసవరాజు చీర నా మొహాన కొట్టినాడు. ఇంక నీకు వార్పు లేదు పో అన్నాడు."

"వాడిదా ఇది" అన్నాడు ఉలిగప్ప, తెలియనట్టు.

"ఆయనదే. నేను అడిగినా అన్నా, గ్రాఫులో తప్పుండాదేమో చూడు సామీ అని. అప్పుడేమన్నాడో తెల్సునా? 'గ్రాఫు యాడిదో నాకు తెలుసు. అది ఉలిగప్ప చెయ్యి. ఆయనతో నాకెంత పగున్నా ఆయన గ్రాఫులో తప్పుండదు. తప్పు నీ చేతిలో ఉండాది ముసల్దానా' అన్నాడు. నేనూ అదే అనుకున్యా. అలలు చూస్తానే నీ చెయ్యని గుర్తుపట్టినా. అందుకే నాదే తప్పని మూడుసార్లు ఊడదీసినా."

పదకొండేళ్ళుగా ఉలిగప్ప ఆ మాట కోసమే బతికాడు. గురువు కాలం అయిపోయిందన్న నోటితోనే గురువు గ్రాఫులో తప్పుండదని అనిపించాలని. అనిపించాడు. ఆ మాట మోసుకొచ్చి అతని గడపలో కూర్చున్నది మునియమ్మ, ఆమె పగిలిన వేళ్ళు. మగ్గం గుంటలో కూర్చునేది బసవరాజు కాదని అతనికి తెలియదా? ముప్పై రెండేళ్ళుగా తెలుసు. ఆ వారం రోజులు గుర్తు రాలేదు, అంతే. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. అతను పిల్లినని కూడా అనుకోలేదు, తానే న్యాయమనుకున్నాడు.

నోరు మూసుకుని ఊరుకోవచ్చు. "మగ్గం చూపించుకో పో" అని పంపేయవచ్చు. ఆమె నమ్మేది. ఊళ్ళో అతని పేరు చెక్కుచెదరకుండా ఉండేది.

"నీ చేతిలో తప్పు లేదు మునియమ్మా" అన్నాడు. "గ్రాఫులో చుక్కలు లేవు. నేనే తీసేసినా. వాడు దొంగతనంగా ఎత్తుకుంటాడని తెలిసి, కావాలనే."

మునియమ్మ చీర మడత పెట్టి సంచిలో పెట్టుకుంది. ఆమె తిడితే బాగుండేదని ఉలిగప్పకు అనిపించింది. తిట్లు అతనికి తెలిసిన భాష.

"ఈ మాట ఆడికొచ్చి చెప్పు" అని లేచింది.

ఇద్దరూ ఎండలో నడిచారు, ఆమె ముందు, అతను వెనక. అంగడిలో బసవరాజు ఒక పెళ్ళి బృందానికి చీరలు చూపిస్తున్నాడు. ఉలిగప్ప పదకొండేళ్ళ తరువాత ఆ మెట్టెక్కాడు.

"ఒరే బసవా, తప్పు ఈమె చేతిది కాదు. గ్రాఫుది. చుక్కలు తీసింది నేను."

బసవరాజు మొదట తెల్లబోయాడు. డిజైను ఉలిగప్పదని ఒప్పుకుంటే తాను దొంగ. కాదంటే తప్పు తనది. వాడి కళ్ళు ఒక్క క్షణం అటూ ఇటూ తిరిగాయి. వాడు ఉలిగప్ప శిష్యుడే కదా, దారి వెంటనే దొరికింది. చీరల ముందు నుంచి లేచి, వీధి వినేలా గొంతెత్తాడు.

"వినండప్పా! ఉలిగప్ప గ్రాఫులో తప్పుండాదంట! నేనన్నది కాదు, ఆయనే వచ్చి చెప్తాండాడు. తప్పని తెలిసే వేసినాడంట! ఈయన గ్రాఫు తీసుకునే సావుకార్లు జాగ్రత్త!"

వీధిలో పోయేవాళ్ళు ఆగారు. పక్కంగడి గడపలోకి చంద్రమోహన్ వచ్చి నిలబడ్డాడు. 'నీకెట్ల దొరికింది నా గ్రాఫు' అని ఉలిగప్ప అడిగాడు, గట్టిగానే అడిగాడు. ఎవరూ వినలేదు. దొంగతనం పాతబడింది. ఇది కొత్త కబురు.

మునియమ్మకు మరుసటి రోజే వార్పు దొరికింది. తప్పు గ్రాఫుదని నలుగురిలో తేలిపోయాక బసవరాజు ఇవ్వక తప్పలేదు. ఆమె తీసుకుంది. బస్టాండు దగ్గర ఉలిగప్ప ఎదురుపడి "ఇంకా వాని దగ్గరే నేస్తావా?" అని అడిగాడు.

"ఆయన దొంగని తెలిసే ఆయన దగ్గర నేస్తాండా" అంది. "నీ సంగతి తెలియక నేసినా." బస్సెక్కి అవతలి కిటికీ వైపు కూర్చుంది.

ఇరవై రోజుల తరువాత ఉలిగప్ప చంద్రమోహన్ దగ్గరికి కొత్త డిజైను తీసుకుపోయాడు. చాప వేశారు. టీ ఇచ్చారు. చంద్రమోహన్ 'అన్నా' అనే పిలిచాడు. ఈసారి పేరు సరిగ్గా ఎంచుకుని కలిపితే, గోడ మీద ఇటువైపు టీవీలోనే బొమ్మ వచ్చింది. బాగుంది, చాలా బాగుందన్నాడు చంద్రమోహన్. "ఉంచుకుంటా" అనలేదు.

"ఏమనుకోవద్దన్నా, కొంగు కొంచెం పెద్దది చెయ్యి" అన్నాడు.

ఉలిగప్ప పెద్దది చేశాడు. చంద్రమోహన్ లేచి టీవీ దగ్గరికి పోయి, కొలబద్ద తీసుకుని, ఎడమ మూల నుంచి ఒక్కో చుక్క మీదా ఆనిస్తూ పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ముప్పై రెండేళ్ళలో ఉలిగప్ప గ్రాఫును ఎవరైనా సరిచూడటం అదే మొదలు. నోటిదాకా వచ్చిన తిట్టును ఉలిగప్ప మింగేశాడు. లెక్క అయ్యేదాకా నిలబడే ఉన్నాడు.